ఖాళీ చందా పుస్తకంలో మొదటి పేరు ఎవరు రాస్తారు? క్రౌడ్‌ఫండింగ్ అపోహలు - వాస్తవాలు

ఒక పనికి కావలసిన డబ్బుని ఆన్‌లైన్‌లో పేజీ పెట్టి, జనం దగ్గర తలా కొంత పోగుచెయ్యడమే క్రౌడ్‌ఫండింగ్. పోయిన వారం మళ్లీ అదే ఫోన్. ఈసారి కావలి నుంచి ఒక కుర్రాడు. "అన్నా, పేజీ లైవ్ అయి ఆరు రోజులైంది. ఒక్క రూపాయి పడలేదు. సైటు వాళ్లు మన పేజీని ఎవరికీ చూపించడం లేదేమో, కొంచెం చూడన్నా" అన్నాడు. తెరిచి చూశాను. వీడియో బాగుంది, షార్ట్ ఫిల్మ్ కథ కూడా బాగుంది. "మీ ఇంట్లో వాళ్లు ఎంత వేశారు?" అని అడిగాను. "వాళ్లనెందుకన్నా అడగడం, ఇది ఆన్‌లైన్ కదా" అన్నాడు.

నెల్లూరులో కూర్చుని పుస్తకాలకీ, డాక్యుమెంటరీలకీ, నాటకాలకీ కాంపెయిన్ పేజీలు తయారుచేసి, చివరి రోజు దాకా వాళ్ల పక్కన ఉండటం నా పని. ఈ మాట వినని నెల లేదు. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: పేజీ పెడితే చాలు, జనం వాళ్లంతట వాళ్లే వచ్చి వేస్తారు

రారు. 2009లో మొదలైన కిక్‌స్టార్టర్ క్రౌడ్‌ఫండింగ్‌లో ప్రపంచమంతా పేరున్న సైటు. అక్కడ కూడా సగానికి పైగా ప్రాజెక్టులు టార్గెట్ అందుకోలేకపోయాయని వాళ్ల లెక్కలే చెబుతున్నాయి. అంత జనం తిరిగే చోటే పరిస్థితి అలా ఉంటే, మన పేజీని ఎవరో దారినపోయేవాళ్లు చూసి డబ్బులు వేస్తారని ఎదురుచూడటం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఊళ్లో శ్రీరామనవమి పందిరికి చందాలు ఎలా ఎత్తుతారు? ఖాళీ పుస్తకం పట్టుకుని ఎవరూ బజారుకి వెళ్లరు. ముందు కమిటీ వాళ్లు రామాలయం అరుగు మీద కూర్చుని తమ పేర్లు రాసుకుంటారు. తర్వాత ఊళ్లో పెద్ద రైతు, ఆ తర్వాత రైస్‌మిల్లు. మొదటి పేజీ నిండాకే కొట్ల మీదికి వెళ్తారు. కొట్టాయన పుస్తకం అందుకోగానే పైన ఎవరెంత రాశారో వేలు పెట్టి చూసుకుంటాడు. ఆ తర్వాతే జేబులో చెయ్యి పెడతాడు. ఆన్‌లైన్‌లో కూడా మనిషి అదే మనిషి. పేజీ మీద సున్నా కనిపిస్తే వెనక్కి వెళ్లిపోతాడు.

జనం డబ్బుతో సినిమా అనగానే అందరూ 1976 నాటి 'మంథన్' గురించి చెబుతారు. గుజరాత్‌లో 5 లక్షల మంది పాడి రైతులు తలా 2 రూపాయలు ఇచ్చారు, నిజమే. కానీ వాళ్లు ఒకరికొకరు సంబంధం లేనివాళ్లు కాదు. సహకార సంఘాల్లో పాలు పోసే సభ్యులు. కథ కూడా వాళ్ల పాల సంఘాలదే. అడగడానికి ముందే అక్కడ ఒక బంధం ఉంది.

ఇది నేను కూడా దెబ్బ తిని నేర్చుకున్నదే. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఉదయగిరి చెక్క చెంచాల మీద డాక్యుమెంటరీ తీద్దామని 2,50,000 టార్గెట్‌తో 45 రోజుల పేజీ పెట్టాను. టార్గెట్ అందకపోతే ఒక్క రూపాయి కూడా చేతికి రాని పద్ధతి. షూటింగ్‌కి వెళ్లినప్పుడల్లా, చెంచాలు చెక్కే పెద్దాయన చెంచా గుంతలో బొటనవేలు తిప్పి నునుపు చూసుకుంటూనే "ఎంతయింది సార్?" అని అడిగేవాడు. మూడో వారానికి 11,000 దగ్గరే ఉన్నాం. అప్పుడే ఒక మెయిల్ వచ్చింది. 'మీ ప్రాజెక్టు మాకు చాలా నచ్చింది, మా దగ్గర వేలమంది దాతలు ఉన్నారు, 18,000 కడితే వాళ్లందరికీ పంపిస్తాం' అని. టెన్షన్‌లో ఉన్నాను, కట్టేశాను. వాళ్ల వల్ల వచ్చింది సున్నా. పేజీ మూతపడింది. ఆ పెద్దాయనకి ఆ సంగతి చెప్పడానికి ఉదయగిరి బస్సెక్కిన రోజు ఇప్పటికీ గుర్తుంది. "పోనీలే సార్, మళ్లీ చూద్దాం" అని టీ తెప్పించాడు.

రెండోసారి పేజీ పెట్టక ముందే నోట్‌బుక్ తీసి 140 పేర్లు రాశాను. చదువుకున్నప్పటి స్నేహితులు, బంధువులు, గతంలో నాతో పనిచేసినవాళ్లు, ఉదయగిరి నుంచి బెంగళూరు వెళ్లి స్థిరపడినవాళ్లు. ఫార్వర్డ్ మెసేజ్ ఒక్కరికి కూడా పెట్టలేదు. అందరికీ ఫోన్ చేశాను. మొదటి మూడు రోజుల్లో మూడో వంతు వచ్చింది. తెలియనివాళ్లు రావడం ఆ తర్వాతే మొదలైంది.

డబ్బు కడితే దాతల్ని తెస్తామని నాకు వచ్చినలాంటి మెయిళ్లూ వాట్సాప్ మెసేజ్‌లూ మీకూ వస్తాయి, పేజీ పెట్టిన రోజే వస్తాయి. ముందుగా డబ్బులు కట్టమనే ఎవరినీ నమ్మకండి. ఇంకొందరు "మీకు విరాళం పంపిస్తున్నాం, యూపీఐ పిన్ కొట్టండి" అంటారు. డబ్బులు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచే పోతాయి.

అపోహ: లాభాల్లో వాటా ఇస్తామంటే ఎక్కువమంది వేస్తారు

ఇది చాలా ప్రమాదం. "వెయ్యి వెయ్యండి, సినిమా ఆడితే రెండు వేలు ఇస్తాం" అని పోస్టర్ వేసి నాకు చూపించినవాళ్లు ఉన్నారు. పుస్తకం, టైటిల్స్‌లో పేరు, ప్రివ్యూకి పిలుపు లాంటివి ఇస్తామనవచ్చు. సినిమా లాభంలో వాటా అన్నా, డబ్బు వడ్డీతో తిరిగిస్తామన్నా లెక్క మారిపోతుంది. షేర్ మార్కెట్ మీద అజమాయిషీ చేసే సెబీ 2014లో ఈ వాటాల పద్ధతి మీద చర్చాపత్రం తెచ్చింది కానీ అనుమతించలేదు. కంపెనీ పెట్టి షేర్లు ఇద్దామన్నా 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేటుగా ఏడాదికి 200 మందికి మించి కుదరదు. తిరిగిస్తామని జనం దగ్గర వసూలు చేస్తే అనుమతి లేని డిపాజిట్లని నిషేధించే 2019 నాటి చట్టం కిందికి వచ్చే అవకాశం ఉంది. మీ ఉద్దేశం మంచిదే అయినా కేసు కేసే.

అపోహ: 3 లక్షలు వస్తే 3 లక్షలూ మనవే

కాదు. సైటు చార్జీ, ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని మన ఖాతాకి పంపే గేట్‌వే చార్జీ కలిపి 8 శాతం అనుకోండి, 24,000. దాని మీద 18 శాతం జీఎస్టీ, 4,320. రెండు వందల మందికి పుస్తకం ఇస్తామన్నారు, ప్రింటింగ్ 150 చొప్పున 30,000. పంపడానికి 70 చొప్పున 14,000. అప్పుడే 72,320 పోయింది. పాత రిజిస్టర్డ్ పోస్టు రేటు వేసుకుని లెక్క కట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. 2025లో అది స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ముందు ఈ లెక్కలన్నీ కాగితం మీద వేసుకుని, తర్వాత టార్గెట్ పెట్టండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కిక్‌స్టార్టర్‌లో ఇండియా నుంచి ప్రాజెక్టు పెట్టడం కుదరదు, డబ్బులు వెయ్యడం మాత్రం కుదురుతుంది. డాలస్‌లో ఉన్న బావ పేరు మీద పెడితే డబ్బూ ట్యాక్సూ ఆయన మెడకే చుట్టుకుంటాయి. విరాళం కాబట్టి ట్యాక్స్ ఉండదనేది కూడా తప్పు. బంధువులు కానివాళ్లు ఊరికే ఇచ్చింది ఏడాదిలో మొత్తం 50,000 దాటితే, దాటినదాని మీదే కాదు, మొత్తం మీద ట్యాక్స్ పడుతుంది. బదులుగా పుస్తకమో మరోటో ఇస్తుంటే లెక్క వేరు, మీ ఆడిటర్ని అడగండి. ఇచ్చినవాళ్లకి విరాళం మీద దొరికే ట్యాక్స్ రాయితీ (పాత చట్టంలో 80జీ అనేవాళ్లు) దానికి అనుమతి ఉన్న ట్రస్టుల్లాంటి సంస్థలకి ఇస్తేనే వర్తిస్తుంది, మీకూ నాకూ ఇస్తే కాదు.

అపోహ: అడగడం అంటే అడుక్కోవడమే

ఒంగోలులో ఒక రిటైర్డ్ టీచరమ్మ ముప్పై ఏళ్లుగా నాట్ల పాటలు సేకరించారు. నాలుగు లాంగ్ నోట్‌బుక్కులు, అట్టలు ఊడిపోయి తాళ్లతో కట్టి ఉన్నాయి. పేజీ సిద్ధం చేసి ఇచ్చాను. రెండు నెలలు లైవ్ చెయ్యలేదు. "నా దగ్గర చదువుకున్న పిల్లల్ని డబ్బులెట్లా అడిగేది నాయనా" అన్నారు. ఆ బాధ నాకు అర్థమైంది. "డబ్బులు అడగొద్దమ్మా, పుస్తకం వస్తోంది, మీ కాపీ ముందే కొనుక్కోండి అని చెప్పండి" అన్నాను. ఆ పూటే నా ముందు కూర్చుని తొమ్మిది మందికి ఫోన్ చేశారు. ఒకతను కువైట్ నుంచి మాట్లాడుతూ మధ్యలో ఒక పాట పల్లవి ఎత్తుకున్నాడు, వాళ్లమ్మ పాడేదట. ఆమె ఫోన్ స్పీకర్‌లో పెట్టి, వెంటనే నోట్‌బుక్ తెరిచి ఆ పల్లవి ఉందో లేదో వెతకడం మొదలుపెట్టారు.

కావలి కుర్రాడు మొన్న రాత్రి స్క్రీన్‌షాట్ పంపాడు. మొదటి పేరు వాళ్ల మేనమామది, 1,116 రూపాయలు. ఇంకా ఇరవై రెండు రోజులున్నాయి. రేపు సాయంత్రం నెల్లూరు వస్తున్నాడు, నోట్‌బుక్ తెచ్చుకోమన్నాను.