అప్‌డేట్ నొక్కితే సైట్ తెల్లబోయిన కథ

వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్. దాంతో కట్టిన సైట్‌లో ప్లగిన్ (సైట్‌కు అదనపు సౌకర్యం ఇచ్చే చిన్న ప్రోగ్రామ్) అప్‌డేట్ నొక్కగానే తెల్ల పేజీ తప్ప ఇంకేమీ కనిపించకపోవడం ఎప్పటినుంచో ఉన్న బాధే. చాలాసార్లు ప్లగిన్ కోడ్‌లో తప్పేమీ ఉండదు. అది ఒక పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్‌ను, ప్లగిన్లను రాసే ప్రోగ్రామింగ్ భాష) వెర్షన్ కోసం రాసింది, సర్వర్‌లో నడుస్తున్నది ఇంకొకటి. సర్వర్, దాన్ని అద్దెకిచ్చే హోస్టింగ్ కంపెనీ చేతిలో ఉంటుంది, కోడ్ డెవలపర్ చేతిలో, అప్‌డేట్ బటన్ సైట్ యజమాని చేతిలో. ఎవరికి వారే యమునా తీరే. ఒకరి సంగతి ఒకరికి తెలిసే ఏర్పాటు రావడానికి పదేళ్ల పైనే పట్టింది.

వర్డ్‌ప్రెస్‌లోకి ప్లగిన్లు 2004 మేలో, 1.2 వెర్షన్‌తో వచ్చాయి. రెండు నెలలకే పీహెచ్‌పీ 5 విడుదలైంది. అయినా హోస్టింగ్ కంపెనీలు పీహెచ్‌పీ 4ను పట్టుకునే ఉన్నాయి. మారిస్తే కస్టమర్ల సైట్లు ఆగిపోతాయని టెన్షన్. సర్వర్లు పాతవి కాబట్టి డెవలపర్లు పాత పద్ధతిలోనే రాశారు. అందరూ పాత పద్ధతిలోనే రాస్తున్నప్పుడు సర్వర్లు మార్చే తొందర ఎవరికుంటుంది? ఈ పీటముడి విప్పడానికే 2007లో ‘గో పీహెచ్‌పీ 5’ ప్రచారం మొదలైంది. 2008 ఫిబ్రవరి తర్వాత వచ్చే తమ కొత్త విడుదలలకు పీహెచ్‌పీ 5.2 తప్పనిసరి అని వర్డ్‌ప్రెస్ లాంటిదే అయిన డ్రూపల్‌తో సహా పలు ప్రాజెక్టులు ప్రకటించాయి. వర్డ్‌ప్రెస్ అందులో కలవలేదు.

వర్డ్‌ప్రెస్ తనకు కావలసిన కనీస పీహెచ్‌పీ వెర్షన్‌ను 5.2.4కు పెంచింది 2011 జూలైలో, 3.2 విడుదలతో. అప్పటికే పీహెచ్‌పీ 5.2 వరుసలో చివరి విడుదల వచ్చేసి ఆరు నెలలైంది. అక్కడినుంచి 2019 మే దాకా ఆ గీత కదల్లేదు. పాత సర్వర్లలో ఉన్నవాళ్లను రోడ్డున పడేయకూడదన్న ఆ పట్టుదలను తప్పుపట్టలేం. కానీ దాని బరువు ప్లగిన్ రాసేవాళ్ల మీద పడింది. నేమ్‌స్పేస్‌లు (కోడ్‌లో పేర్లు ఒకదానితో ఒకటి ఢీకొనకుండా చూసేవి) పీహెచ్‌పీ 5.3లో, చదరపు బ్రాకెట్లతో అర్రే (విలువల జాబితా) రాసే వీలు 5.4లో వచ్చాయి. వాటిని వాడితే కొందరి సైట్లు పడిపోతాయి, వాడకపోతే కోడ్ ముసలిదైపోతుంది.

వెర్షన్ చూసి ఆగిపోయేలా రాయొచ్చు కదా అనిపిస్తుంది. చాలామంది అలాగే రాశారు కూడా: ఫైల్ మొదట్లోనే ‘పీహెచ్‌పీ 5.3 కంటే తక్కువైతే మెసేజ్ చూపించి వెనక్కి వెళ్లు’ అని ఒక షరతు, దాని కింద అసలు కోడ్. అది పనిచేయలేదు. పీహెచ్‌పీ ఒక ఫైల్‌ను నడిపేముందు చివరి లైను దాకా చదివి వ్యాకరణం సరిచూసుకుంటుంది. వందో లైనులో తనకు తెలియని రాత కనిపిస్తే అక్కడే పార్స్ ఎర్రర్, అంటే ఆ ఫైల్ అసలు నడవనే నడవదు. పై షరతు వంతే రాదు. అందుకే ప్లగిన్ ప్రధాన ఫైల్‌ను పాత పీహెచ్‌పీకి అర్థమయ్యే రాతలోనే ఉంచి, అందులో వెర్షన్ చూసుకుని, సరిపోతేనే కొత్త రాత ఉన్న ఫైళ్లను పిలిచే అలవాటు వచ్చింది. ఇప్పటికీ పాత ప్లగిన్లలో ఆ చిన్న ఫైల్ కనిపిస్తుంది.

ప్లగిన్ తనకు కావలసిన పీహెచ్‌పీ వెర్షన్ చెప్పుకునే ‘రిక్వైర్స్ పీహెచ్‌పీ’ లైను 2017లో వచ్చింది. దాన్ని వర్డ్‌ప్రెస్ నిజంగా పట్టించుకున్నది 2019లో: ఫిబ్రవరిలో వచ్చిన 5.1 సరిపడని ప్లగిన్ల ఇన్‌స్టాల్‌ను ఆపింది, మేలో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.2 అలాంటి ప్లగిన్ల అప్‌డేట్‌నూ ఆపింది. కనీస పీహెచ్‌పీ వెర్షన్ 5.6.20కి పెరిగింది కూడా ఆ వర్డ్‌ప్రెస్ 5.2తోనే.

అయితే ఆ లైను చెప్పేది కనీసం ఎంత ఉండాలో మాత్రమే. ఎంతవరకు పనిచేస్తుందో చెప్పదు. ‘టెస్టెడ్ అప్ టు’ అనే ఇంకో లైను ఉంది గానీ, అది వర్డ్‌ప్రెస్ వెర్షన్ గురించి. 2020 నవంబరులో పీహెచ్‌పీ 8 వచ్చాక ఈ లోటు బయటపడింది. ఉదాహరణకు జాబితాలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే కౌంట్ ఫంక్షన్‌నే తీసుకుంటే, సెట్టింగులు ఇంకా సేవ్ కాని చోట దానికి నల్ (ఏ విలువా లేదని చెప్పే గుర్తు) అందవచ్చు. పీహెచ్‌పీ 7.1 దాకా అది నిశ్శబ్దంగా సున్నా ఇచ్చేది. 7.2లో హెచ్చరిక మొదలైంది. జనం వాడే ప్రొడక్షన్ సైట్లలో హెచ్చరికలు కనిపించకుండా పెడతారు కాబట్టి చాలామంది చూడనే లేదు. 8లో అదే లైను ఫేటల్ ఎర్రర్, అంటే ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగిపోతుంది. ప్లగిన్‌లో ఒక్క అక్షరం మారకుండానే సైట్ పడిపోతుంది.

2024 జూలైలో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.6, ఆటో అప్‌డేట్ తర్వాత ఫేటల్ ఎర్రర్ కనిపిస్తే పాత ప్లగిన్‌నే తిరిగి పెట్టేస్తుంది. మంచి ఏర్పాటే. కానీ హోస్టింగ్ కంపెనీ పీహెచ్‌పీని మార్చినప్పుడు ప్లగిన్ అప్‌డేటే జరగదు, వెనక్కి తీసుకోవడానికి ఏమీ ఉండదు. అప్పుడు మిగిలేది వర్డ్‌ప్రెస్ 5.2తో వచ్చిన రికవరీ మోడ్. అడ్మిన్‌కు ఒక లింకుతో మెయిల్ వస్తుంది. ఆ లింకుతో లోపలికి వెళ్లినవాళ్లకు మాత్రం చెడిన ప్లగిన్ ఆగి ఉంటుంది. దాన్ని డీయాక్టివేట్ చేసేదాకా సైట్‌కు వచ్చే మిగతా అందరికీ ఎర్రర్ పేజీయే.