ఐసీయూ బయట సంతకం ఎవరిది?

తిరుపతిలో పెద్దవాళ్లు దేవుణ్ని అడిగేవాటిలో అనాయాస మరణం ఒకటి. దర్శనం అయ్యాక గుడిలో కాసేపు కూర్చుని "అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం" అనుకుని లేస్తారు. అదే మాట డాక్టరుతో అనేవాళ్లు మాత్రం అరుదు. ఇంట్లో అంటే "ఆ పాడు మాటలెందుకు నాయనా" అని కొడుకు నోరు మూయించేస్తాడు.

చివరికి తేల్చేది ఐసీయూ బయట కూర్చున్న బంధువులు. "ఇక ఇంటికి తీసుకెళ్లండి" అని డాక్టరు నెమ్మదిగా చెప్తాడు. లేదంటే డబ్బులైపోయి వీళ్లే అడుగుతారు. అప్పుడు లామా కాగితం, అంటే వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామని సంతకం. మంచం మీదున్న మనిషి ఏం కోరుకున్నాడన్నది అందులో ఉండదు.

ఆ మాటను ముందే రాసిపెట్టుకోవాలన్న ఆలోచన 1969లో అమెరికా లాయరు లూయిస్ కుట్నర్‌ది. ఆస్తికి రాసే వీలునామాలాగే వైద్యానికీ ఒకటి: లివింగ్ విల్. 1976లో కాలిఫోర్నియా దీన్ని చట్టం చేసింది. ఆసుపత్రిలో చేరేవాళ్లకు ఈ హక్కు గురించి చెప్పి, అలాంటి కాగితం ఉందా అని అడగాల్సిందేనని 1990లో ఫెడరల్ చట్టం వచ్చింది. ఆ తర్వాతి ఏడాది బోస్టన్‌లో 405 మంది ఓపీ రోగులను అడిగి రాసిన అధ్యయనంలో 93 శాతం మంది ఇలాంటిది కావాలన్నారు. మరి ఎందుకు రాయలేదంటే ఎక్కువగా వచ్చిన జవాబుల్లో ఒకటి, ఆ మాట డాక్టరే ఎత్తాలని. మన ఓపీ క్యూలో నిలబడి అడిగినా ఇదే జవాబు వస్తుందని నా అనుమానం.

మన దేశంలో దారి తెరిచింది ముంబై నర్సు అరుణా శాన్‌బాగ్ కేసు. 1973లో దాడి తర్వాత ఆమె కోలుకోలేదు. 2011లో సుప్రీంకోర్టు ఆమెకు చికిత్స ఆపడానికి ఒప్పుకోలేదు కానీ, కొన్ని పరిస్థితుల్లో ఆపవచ్చని చెప్పింది. కామన్ కాజ్ సంస్థ 2005లో వేసిన పిటిషన్ మీద 2018 మార్చి 9న అయిదుగురు జడ్జీల ధర్మాసనం లివింగ్ విల్‌ను గుర్తించింది. గుర్తించింది గానీ మెలిక పెట్టింది. ఇద్దరు సాక్షులు చాలరు, మేజిస్ట్రేట్ సంతకమూ ఉండాలట. అమలు చేయాలంటే కలెక్టర్ ఒక వైద్య బోర్డు వేయాలి. వెంటిలేటర్ మీదున్న మనిషి కోసం కలెక్టరాఫీసు చుట్టూ ఎవరు తిరుగుతారు? 2023 జనవరిలో కోర్టే సడలించింది. ఇప్పుడు సాక్షులతో పాటు మేజిస్ట్రేట్ బదులు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు. చికిత్స ఆపవచ్చో లేదో రెండు వైద్య బోర్డులు వీలైతే 48 గంటల్లో ఒక్కోటి తేల్చాలి.

దీన్ని మెర్సీ కిల్లింగ్‌తో కలిపేసేవాళ్లు చాలామంది. 2021లో జబ్బుపడిన బిడ్డకు కారుణ్య మరణం ఇవ్వమని ఒక తల్లి పుంగనూరు కోర్టుకు వెళ్లింది. బిడ్డ అదే రోజు చనిపోయాడు. ఆమె అడిగింది వేరు. ఇంజెక్షన్‌తో చంపడం మన దేశంలో ఇప్పటికీ నేరమే. లివింగ్ విల్ చెప్పేది, బాగయ్యే ఆశ లేనప్పుడు గొట్టాలు పెట్టొద్దు, పెట్టినవి తీసేయండి అని మాత్రమే. నొప్పి తగ్గించే మందులు ఆగవు.

రాసేది పద్దెనిమిదేళ్లు నిండి, మతి స్థిమితంగా ఉన్న మనిషై ఉండాలి. తన తరఫున మాట్లాడేవాళ్ల పేర్లు అందులో రాయాలి. ఒక కాపీ కార్పొరేషన్‌కో పంచాయతీకో చేరాలి. అమెరికాలోలాగ ఆసుపత్రే అడగాలన్న చట్టం మాత్రం మనకు లేదు. అడ్మిషన్ కౌంటర్లో పేరు, వయసు, ఆధార్, వైద్య సేవ కార్డు అడుగుతారు, పక్కనున్న మనిషి ఫోన్ నంబరు రాసుకుంటారు.