తూకం పోయింది, బిల్లు మిగిలింది

గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల మృతదేహాలు ఇంటికి చేరడానికి రోజులు, ఒక్కోసారి నెలలు పట్టడం మీద గొడవ మళ్లీ ముందుకొచ్చింది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌ల్లోనే కాదు, కడప, కోనసీమల్లోనూ ఇదే మాట. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అంటూ బతుకుదెరువు వెతుక్కున్న కథ అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని వదిలేద్దాం. ఇప్పటి పేచీ అంతా ఒక్కచోట ఆగింది: శవపేటిక విమానమెక్కే ఖర్చు ఎవరిది?

ఈ ప్రశ్న ఇంత సూటిగా బయటపడింది 2018 సెప్టెంబర్‌లో. అప్పటిదాకా ఎయిరిండియా దుబాయి నుంచి మృతదేహాలను మామూలు కార్గో లాగే తూచేది. ఎంబామింగ్ (దేహం పాడవకుండా మందులు ఎక్కించడం) అయ్యాక శవపేటికను కాంటా మీద పెట్టి, పెట్టె బరువుతో కలిపి కిలోకు ఇన్ని దిర్హమ్‌లని (యూఏఈ కరెన్సీ) లెక్కకట్టేవారు. దక్షిణాదికి రేటు కిలోకు 15. మనిషి, చెక్కపెట్టె కలిపి 120 కిలోలు తూగితే 1,800 దిర్హమ్‌లు. ఆ 15ను ఉన్నట్టుండి రెట్టింపు చేశారు. తోటి కూలీలు గదుల్లో చందాలు పోగేసి కట్టే డబ్బది. తోడుండి పంపించే సామాజిక కార్యకర్తలు రోడ్డెక్కారు. పెంపు వెనక్కి పోయింది. 2019 జనవరిలో తూకం పద్ధతినే ఎత్తేసి, యూఏఈ నుంచి దేశంలో ఎక్కడికైనా పెద్దవాళ్లకు 1,500, పన్నెండేళ్లలోపు పిల్లలకు 750 దిర్హమ్‌లని ఖరారు చేశారు.

దీన్ని విజయమన్నారు. అన్నవాళ్ల తప్పేం లేదు. చచ్చినవాణ్ని బియ్యం బస్తాలా తూచడం ఆగింది. కానీ లెక్క చూడండి: పాత రేటుకు వంద కిలోల పెట్టెకు పడేదీ ఆ 1,500 దిర్హమ్‌లే. పోయింది అవమానం, ఖర్చు కాదు. పాకిస్తాన్ వాళ్ల సర్కారు విమాన సంస్థ పీఐఏ తమ పౌరుల మృతదేహాలను ఉచితంగా తెస్తుంటే మనదెందుకు తేలేదని కార్మిక సంఘాలు అప్పుడే అడిగాయి. కార్గోలో చోటు, నిర్వహణ ఖర్చు అన్నది విమాన సంస్థల జవాబు. ఎయిరిండియా అప్పటికి సర్కారు సంస్థ కాబట్టి సర్కారును నిలదీసే వీలైనా ఉండేది. 2022 జనవరిలో ఎయిరిండియా టాటాల చేతికి వెళ్లింది. ఆ తర్వాత ఉచితం చేయమని ఆదేశించడానికి కేంద్రానికి గల్ఫ్‌కు ఎగిరే సొంత విమాన సంస్థ లేకుండా పోయింది. ఇవాళ ధర్నాల్లో వినపడే సగం డిమాండ్లు ఎవరి బల్ల మీదికీ చేరకపోవడానికి నా లెక్కలో మూలం ఇదే.

నిజానికి చట్టం దగ్గర ఈ బిల్లుకు యజమాని ఉన్నాడు. సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం ప్రకారం, కుటుంబం ఒప్పుకుని అక్కడే ఖననం చేస్తే తప్ప, మృతదేహాన్ని పంపే ఖర్చు యజమానిదే. అయితే ఆ యజమాని కాగితం మీద ఉండాలి. ఎక్కడైనా పని చూసుకోవచ్చని అమ్మే ఆజాద్ వీసా మీద వెళ్లినవాడికి కఫీల్ (వీసా ఇచ్చిన స్పాన్సర్) ఒకడు, పని ఇచ్చేవాడు ఇంకొకడు. అకామా (అక్కడ ఉండే అనుమతి కార్డు) రెన్యువల్ కాక ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేనివాడు, అయినవాడికి, పారిపోయాడని కఫీల్ హురూబ్ ఫిర్యాదు పెట్టినవాడికి ఖర్చు భరిస్తానని వచ్చేవాడెవడు? పోలీసు రిపోర్టు, మరణ ధ్రువపత్రం, ఎంబసీ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ), ఊళ్లో ఇంట్లోవాళ్లు నోటరీ దగ్గర రాయించి పంపే పవర్ ఆఫ్ అటార్నీ, ఆఖరికి దేశం దాటే ఎగ్జిట్ అనుమతి... ఇందులో ఏ ఒక్కటి ఆగినా మార్చురీలో పెట్టె కదలదు. ఈ కాగితాల వెంట తిరిగేది ఎక్కువసార్లు పక్క మంచం మీద పడుకునే రూమ్మేటే, అదీ డ్యూటీకి సెలవు దొరికితే.

అన్ని కాగితాలూ ఉన్నా దారి మూసుకుపోయిన సందర్భమూ ఉంది. 2020 ఏప్రిల్‌లో అబుదాబి నుంచి ఢిల్లీ చేరిన ముగ్గురి మృతదేహాలను కిందికి దించనివ్వకుండా అదే విమానంలో వెనక్కి పంపారు. వాళ్లు కొవిడ్‌తో చనిపోయినవాళ్లు కూడా కాదు. కుటుంబం ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టింది, హోంశాఖ మార్గదర్శకాలు ఆ తర్వాత గానీ రాలేదు.

తాము చేస్తూనే ఉన్నామని కేంద్రం అంటుంది. 2009లో భారతీయ సమాజ సంక్షేమ నిధి పెట్టింది, 2017లో నిబంధనలు సడలించింది. దిక్కులేని సందర్భాల్లో మృతదేహం పంపే ఖర్చు ఎంబసీ ఇందులోంచి ఇవ్వొచ్చు. అయితే ఈ నిధికి డబ్బు వచ్చేది పాస్‌పోర్టు, అటెస్టేషన్ లాంటి సేవలకు ఎంబసీ వసూలు చేసే అదనపు రుసుము నుంచి. అంటే ప్రవాసుల సొమ్మే. అందులోంచి తీసుకోవడానికి మళ్లీ పేదరికం నిరూపించుకోవాలి.

వలస కార్మికుల కోసం ఉన్న ప్రవాసీ భారతీయ బీమా యోజనలో 10 లక్షలు వస్తాయని చెప్పి పంపుతారు. అది ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమే. యాభై డిగ్రీల ఎండలో పనిచేసొచ్చి నిద్రలోనే పోయినవాడి సర్టిఫికెట్‌లో గుండె ఆగిందనో, సహజ మరణమనో పడితే ఆ 10 లక్షలు రావు.

తెలంగాణ సర్కారు 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. మంచిదే, ఎన్నేళ్లుగానో అడుగుతున్నది. శంషాబాద్‌లో దిగాక ఊరిదాకా ఉచిత అంబులెన్స్ కూడా ఉంది. మృతదేహం అక్కడి మార్చురీ నుంచి శంషాబాద్‌కు చేరేదాకా ఎవరు చూడాలన్నది ఈ రెండింటిలోనూ లేదు. ఇప్పుడు సంఘాలు పట్టుబడుతున్నది దాని కోసమే: యజమాని కట్టకపోతే ఎంబసీ ముందు కట్టి తర్వాత అతని దగ్గర వసూలు చేయాలి, అకామా ఉందా లేదా అని మృతదేహాన్ని అడగకూడదు. 1983 నాటి వలస చట్టం స్థానంలో కొత్తది తెస్తామని 2019లో, 2021లో ముసాయిదాలు బయటపెట్టినప్పుడూ ఈ సంఘాలు గట్టి రక్షణ కావాలనే అడిగాయి.