బొక్కలో బొక్కలు: కంప్యూటర్‌లోకి ఎముక ఎట్లా ఎక్కింది?

మా వరంగల్ దిక్కు ఎముకను బొక్క అంటారు, కోస్తా వాళ్లకేమో బొక్క అంటే చిల్లు. హన్మకొండలో ఎం.టెక్ ప్రాజెక్టు చేస్తుంటే నాకు రెండూ ఒకే స్క్రీన్ మీద కనిపించాయి. మా చిన్నాన్న తుంటి సీటీ స్కాన్ సీడీ తీసుకుని తొడ ఎముక మోడల్ చేద్దామని కూర్చుంటే, దాని పక్కలు శివనగర్ మెట్లబావిలా మెట్లుమెట్లుగా, పైన గుండ్రటి తల నిండా చిల్లులు. సాఫ్ట్‌వేర్‌ను వారం తిట్టుకున్నాక తెలిసింది, స్లైస్ (స్కాన్ తీసే ఒక్కో అడ్డకోత బొమ్మ) మందమే 5 మిల్లీమీటర్లని.

ఈ తిప్పలు పాతవే. 1972లో నెదర్లాండ్స్ పరిశోధకులు తొడ ఎముకకు ఫైనైట్ ఎలిమెంట్ లెక్క (ఆకారాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి బరువు ఎట్లా మోస్తుందో చూసేది) కట్టినప్పుడు అది చదును బొమ్మే. అసలు ఆకారం కావాలంటే ఎండు ఎముకను రంపంతో బిళ్లలుగా కోసి, ఒక్కో బిళ్ల అంచు గీసుకోవాలి. ఎంబీబీఎస్ పిల్లలు సీనియర్ల దగ్గర కొనుక్కునే బోన్ సెట్‌ను అట్లా కోస్తే ఇంకేమైనా ఉందా!

అంతకు ముందే, 1971 అక్టోబర్‌లో, లండన్‌లో ఇంజనీర్ హౌన్స్‌ఫీల్డ్ చేసిన సీటీ యంత్రం తొలి రోగి తలను స్కాన్ చేసింది. ఎక్స్‌రేను ఏది ఎంత ఆపుతుందో చెప్పే, ఆయన పేరుతో ఉన్న కొలతలో నీళ్లు 0, గాలి మైనస్ 1000, గట్టి ఎముక వెయ్యి దాటుతుంది. ఆ అంకెల నుంచి త్రికోణాల తొడుగు అల్లే మార్చింగ్ క్యూబ్స్ అనే పద్ధతి 1987లో వచ్చింది. చిక్కంతా అంచు దగ్గరే: స్కాన్ బొమ్మలోని ఒకే గడిలో సగం ఎముక, సగం మాంసం పడితే మధ్య అంకె వస్తుంది, తల మీది పలచటి పెంకు ఎముక లెక్కలోకే రాదు. నా చిల్లులు అవే.

1994లో అమెరికా విజిబుల్ హ్యూమన్ డేటా (నిజమైన శవాన్ని పలచగా కోసి తీసిన బొమ్మలు), 1996లో ఇటలీ పరిశోధకుడు విచెకొంటి పంచిపెట్టిన స్టాండర్డైజ్డ్ ఫీమర్ (తొడ ఎముక కంప్యూటర్ మోడల్) వచ్చాక చాలామందికి పని తేలికైంది. కానీ రెండోది ప్లాస్టిక్ ఎముకను చూసి చేసింది. పద్ధతులు పోల్చుకోవడానికి బంగారం, మా చిన్నాన్న తుంటికి మాత్రం పనికిరాదు.

విచిత్రమేంటంటే ఇప్పటి యంత్రాలు మిల్లీమీటర్ లోపు స్లైసులే తీస్తాయి. డాక్టర్ చూడటానికి వాటిని కలిపి మందంగా చేసి సీడీలో వేస్తారు. నేను వెళ్లిన సెంటర్‌లో టెక్నీషియన్ "థిన్ స్లైసులు వారానికే డిలీట్ చేస్తం అన్నా, జాగ సాలదు" అన్నాడు.

ఆర్నెల్లకు చిన్నాన్న మళ్లీ స్కాన్‌కు పోతే నేనూ వెంట పోయి, ముందే అడిగి, అదే రోజు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. ఈసారి రెండే చిల్లులు. చేత్తో పూడ్చాను.