ఇటుక గోడకు గుండ్రటి బొక్క పెడితే బరువు ఎటు పోతుంది?

వంటింటి పొగను బయటికి పంపే పైపు కోసం ఇటుక గోడకు ఆరంగుళాల బొక్క పెట్టాలనుకోండి. అక్కడి ఇటుకలు తీసేస్తే పైనున్నవి ఏ ఆధారంతో నిలబడతాయన్న టెన్షన్ ఎవరికైనా సహజం.

నాలుగంగుళాలతో సరిపెట్టుకోవచ్చు కదా అంటారు. కుదరదు. ఆరంగుళాల పైపులో పోయే గాలినంతా నాలుగంగుళాల పైపులోంచి తోయాలంటే దాదాపు ఏడున్నర రెట్ల ఒత్తిడి కావాలి. మామూలు ఫ్యానుకి అంత శక్తి ఉండదు. గోల ఎక్కువవుతుంది, పొగ ఇంట్లోనే తిరుగుతుంది.

ఇక గోడ సంగతి. కింది వరుసలోని అతుకు మీదికి పై వరుస ఇటుక నడుమ వచ్చేలా పేరుస్తారు కదా, అందువల్ల ప్రతి ఇటుకా తన మీది బరువును కింద ఉన్న రెండింటికి పంచుతుంది. కింద ఖాళీ వస్తే ఆ బరువు ఇరుపక్కలకూ తప్పుకుని దిగిపోతుంది. ఆధారం పోయేది ఖాళీకి సరిగ్గా పైనున్న చిన్న త్రికోణమంత భాగానికే. బొక్క గుండ్రంగా ఉంటే పై అంచే కమానులా ఆ కాస్తనూ మోస్తుంది. అయితే చుట్టూ తగినంత గోడ ఉండాలి. కిటికీ పక్కన, గోడ మూలన, దూలం ఆనిన చోట బొక్క పెట్టకూడదు.

గుండ్రటి రంధ్రం చుట్టూ బలాలు ఎలా ఉంటాయో 1898లో జర్మన్ ఇంజనీరు కిర్ష్ లెక్కగట్టారు. వెడల్పాటి పలకను పైనుంచి నొక్కితే, రంధ్రానికి అటూ ఇటూ ఒత్తిడి మూడు రెట్లవుతుంది. రంధ్రం చిన్నదైనా పెద్దదైనా అంతే! నన్ను ఇంకా ఆశ్చర్యపరిచేది రెండో సంగతి: రంధ్రం పైనా కిందా మాత్రం నొక్కుడు ఉండదు, పక్కలకు లాగుడు ఉంటుంది. ఇటుక నొక్కుడుని బాగా ఓర్చుకుంటుంది, లాగుడుని ఓర్చుకోలేదు. అతుకుల్లోని సిమెంటు పట్టు అంతకన్నా బలహీనం. గోడ బీటలిచ్చేది అక్కడే.

అందుకే సుత్తి, ఉలి పట్టుకుని బాదడం నాకు నచ్చదు. ప్రతి దెబ్బకీ ఆ అతుకులే అదురుతాయి. గొట్టంలాంటి బిట్టును తిప్పుతూ గుండ్రంగా కోసే కోర్ కటింగ్ మెషీన్ అలా కొట్టదు. దాని బిట్టు అంచున పొదిగిన వజ్రపు రవ్వలు ఇటుకను అరగదీస్తూ పోతాయి. నీళ్లు పోస్తూ కోస్తే బిట్టు వేడెక్కదు, ఎర్రటి బురద గోడ మీదుగా కారుతుంది. ఆ బురదే పొడిగా ఉంటే సిలికా ధూళి. ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బాగుచేయలేని జబ్బు తెస్తుంది, కాబట్టి మాస్కు తప్పనిసరి.

ముందు గోడలో కరెంటు వైర్లు లేవని చూసుకుని, నడిమధ్యన సన్నటి రంధ్రం అవతలి దాకా వేస్తారు. వాన నీరు లోపలికి రాకుండా దాన్ని బయటివైపు కాస్త వాలుగా పోనిస్తారు. ఒకే వైపు నుంచి పూర్తిగా కోస్తే చివరి అంగుళంలో బయటి ఇటుక పెచ్చులూడుతుంది. అందుకని సగం ఇటు నుంచి, మిగతా సగం ఆ సన్న రంధ్రం గురుతుతో బయటి నుంచి కోస్తారు. రెండు కోతలూ కలిశాక లోపలి ముద్ద వదులై చేతిలోకి జారుతుంది. దాని మీద ఇటుక ఎరుపు మధ్యన సిమెంటు అతుకు బూడిదరంగు గీతలా కనిపిస్తుంది.