@టెస్ట్ పెట్టినంత మాత్రాన టెస్ట్ నడిచినట్టు కాదు

"జావాలో టెస్ట్ మెథడ్ మీద @టెస్ట్ అనే అనొటేషన్ పెట్టాను, బిల్డ్ గ్రీన్ వచ్చింది, అంటే ఏ టెస్టూ ఫెయిల్ కాలేదు. మరి బగ్ ప్రొడక్షన్‌కి ఎలా వెళ్లిందండీ?" ఈ ప్రశ్న నాకు మళ్లీ మళ్లీ వస్తుంది. అడిగేవాళ్ల గొంతులో టెన్షన్ తెలిసిపోతుంది. కంగారు పడకండి, ఇందులో చిక్కుకోని వాళ్లు తక్కువ.

అపోహ: @టెస్ట్ కనిపిస్తే ఆ మెథడ్ నడిచి తీరుతుంది.

వాస్తవం: అది గుర్తు మాత్రమే. ఆ గుర్తును వెతికే ఇంజిన్ ఏదన్నదే అసలు విషయం. జావా టెస్టులు నడిపే టూల్ జేయూనిట్. దాని పాత వెర్షన్ జేయూనిట్ 4లోనూ @టెస్టే, జేయూనిట్ 5లోని కొత్త ఇంజిన్ జూపిటర్‌లోనూ @టెస్టే. పేరొకటే, ప్యాకేజీలు వేరు. ఏ ప్యాకేజీలోది వాడాలో చెప్పే ఇంపోర్ట్ లైన్లు రెండూ ఎడిటర్ చూపిస్తుంది, చెయ్యి మొదటిదాని మీదకి పోతుంది. పాత టెస్టులను నడిపే వింటేజ్ ఇంజిన్ లేకపోతే జూపిటర్ ఆ పాత గుర్తును అసలు పట్టించుకోదు. ఎర్రర్ రాదు, కంపైల్ అయిపోతుంది.

మా టీమ్ 4 నుంచి 5కి మారినప్పుడు ఒక క్లాసులో పాత ఇంపోర్ట్ ఉండిపోయింది. అందులోవి మొత్తాలను రౌండ్ చేసే లెక్కల టెస్టులు. వారాల తరబడి ఒక్కటీ నడవలేదు. లెక్క తప్పిందని కస్టమర్ చెప్పాక గానీ మాకు తెలియలేదు. ఆ రోజు "బిల్డ్ దాచుకునే పాత ఫైళ్ల క్యాష్ పాడైందట, క్లీన్ చేస్తే సరిపోతుందట" అని ఎవరో అన్నారు. సగం రోజు దానికే పోయింది. దయచేసి ఇలాంటి "అట"లు నమ్మకండి, రిపోర్టులో ఎన్ని టెస్టులు నడిచాయో ఆ అంకె చూడండి. నిన్న 212 ఉండి ఇవాళ 198 ఉంటే, రంగు ఏదైనా సరే, ఆగి వెతకాల్సిందే.

అపోహ: మెథడ్ పేరు టెస్ట్ అని మొదలవ్వాలి.

వాస్తవం: అది జేయూనిట్ 3 నాటి మాట. 2006లో 4 వచ్చాక అనొటేషన్ ఉంటే చాలు. పైథాన్ యూనిట్‌టెస్ట్‌లో మాత్రం ఇప్పటికీ పేరే గుర్తు. అక్కడ ఒకే క్లాసులో ఒకే పేరుతో రెండు మెథడ్లు రాస్తే మొదటిది చడీచప్పుడు లేకుండా పోతుంది.

అపోహ: టెస్ట్ మెథడ్ పబ్లిక్‌గా ఉండటం తప్పనిసరి.

వాస్తవం: 4లో అవును, జూపిటర్‌లో అక్కర్లేదు. కానీ ప్రైవేట్, స్టాటిక్ పనికిరావు.

టెస్టులు రాసిన వరసలోనే నడుస్తాయన్నదీ నిజం కాదు. ఒకదాని ఫలితం మీద ఇంకొకటి ఆధారపడేలా రాయకండి.

కొత్త టెస్ట్ రాసిన ప్రతిసారీ నేను ముందు ఫలితాన్ని సరిచూసే అసర్ట్ లైన్‌లో కావాలనే తప్పు విలువ పెడతాను. ఎరుపు రావాలి, అంటే టెస్ట్ ఫెయిల్ కావాలి. రాకపోతే ముందు ఇంపోర్ట్ లైన్ చూస్తాను.