కంటపడని కణాలకు ద్రవ్యరాశి ఎలా కడతాం: అపోహలు, వాస్తవాలు

అపోహ: కణాన్ని యంత్రంలో పుట్టించి చూస్తే తప్ప దాని ద్రవ్యరాశి గురించి ఏమీ చెప్పలేం.

వాస్తవం: మా రంగమైన కణ భౌతికశాస్త్రం గురించి నేను ఎక్కువగా వినే మాట ఇదే. క్వాంటం సిద్ధాంతం ప్రకారం, పుట్టించేందుకు శక్తి చాలనప్పుడు కూడా బరువైన కణాలు తేలిక కణాల లక్షణాల్లో స్వల్పమైన సవరణల రూపంలో తమ ఉనికిని తెలుపుతాయి. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో ఎలక్ట్రాన్లను, పాజిట్రాన్లను ఢీకొట్టించిన ఎల్‌ఈపీ యంత్రానికి, తెలిసిన ప్రాథమిక కణాలన్నిటిలోకీ బరువైన టాప్ క్వార్కును పుట్టించే శక్తి ఉండేది కాదు. అయినా అక్కడ జెడ్ బోసాన్ అనే, బలహీన బలాన్ని మోసే కణంపై చేసిన కొలతలను బట్టి టాప్ ద్రవ్యరాశి 170, 180 జీఈవీల ప్రాంతంలో ఉండాలని లెక్క తేలింది (జీఈవీ అంటే కణాల ద్రవ్యరాశికి వాడే కొలమానం; ప్రోటాన్‌ది ఒక జీఈవీకి కాస్త తక్కువ). 1995లో అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో అది బయటపడింది. నేటి విలువ సుమారు 173 జీఈవీ.

అపోహ: ఈ పద్ధతి అన్ని కణాలకూ ఇంతే పదునుగా పనిచేస్తుంది.

వాస్తవం: పనిచేయదు. టాప్ ప్రభావం దాని ద్రవ్యరాశి వర్గంతో (స్క్వేర్‌తో) పెరుగుతుంది, ప్రాథమిక కణాలకు ద్రవ్యరాశినిచ్చే క్షేత్రానికి చెందిన హిగ్స్ కణం ప్రభావం లాగరిథమ్‌తో మాత్రమే, అంటే చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే హిగ్స్ తేలికైనదై ఉండాలన్నంత వరకే పరోక్ష కొలతలు చెప్పగలిగాయి. 125 జీఈవీ అన్న సంఖ్య 2012లో దాన్ని నేరుగా చూశాకే వచ్చింది.

అపోహ: డేటా పెరిగేకొద్దీ కచ్చితత్వం దానంతట అదే వస్తుంది.

వాస్తవం: డేటా పెరిగితే గణాంక దోషం తగ్గుతుంది గాని, కొలిచే సాధనంలోని దోషం అలాగే ఉండిపోతుంది. చంద్రుడి ఆకర్షణకు భూమి పైపొర సాగి, 27 కిలోమీటర్ల ఎల్‌ఈపీ వలయం చుట్టుకొలత దాదాపు ఒక మిల్లీమీటరు మారేది, దాంతో కణపుంజం శక్తి కూడా మారేది. దగ్గర్లో వెళ్లే రైళ్ల నుంచి నేలలోకి పాకిన విద్యుత్తు అయస్కాంత క్షేత్రాన్ని కదిలించేది. ఇలాంటి వాటిని ఒక్కొక్కటిగా పట్టుకుని సరిదిద్దిన తరువాతే జెడ్ ద్రవ్యరాశి 91.1875 జీఈవీ అనీ, అనిశ్చితి 0.0021 మాత్రమేననీ రాయగలిగారు. కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవారు మొదట నేర్వవలసింది ఈ ఓపికేనని నా నమ్మకం.

అపోహ: జెడ్‌కు తోడు కణమైన డబ్ల్యూ బోసాన్‌పై 2022లో వచ్చిన కొలతతో, ప్రాథమిక కణాలను వివరించే నేటి సిద్ధాంతమైన ప్రామాణిక నమూనా కూలిపోయింది.

వాస్తవం: ఫెర్మీల్యాబ్‌లోని సీడీఎఫ్ బృందం ప్రకటించిన 80,433.5 ఎంఈవీ (వెయ్యి ఎంఈవీలు ఒక జీఈవీ) విలువ, 9.4 అనిశ్చితితో, సిద్ధాంతం ఆశించే సుమారు 80,357కి చాలా దూరంలో ఉన్నమాట నిజమే. కానీ 2024లో సెర్న్‌లోని సీఎంఎస్ బృందం దాదాపు అంతే కచ్చితత్వంతో 80,360.2 అని కొలిచింది. అక్కడి మరో బృందమైన అట్లాస్ కొలత కూడా సిద్ధాంతం వైపే ఉంది. ఒక్క కొలతను పట్టుకుని కొత్త కణానికి ద్రవ్యరాశి కట్టే ముందు, సీడీఎఫ్, సీఎంఎస్ విలువలు ఎందుకు కలవడం లేదో తేల్చాలి.